బెంజమిన్ థామస్: రోడ్డు మీదా, ట్రాక్ మీదా (తరచుగా అడిగే ప్రశ్నలు)

ఎవరీ బెంజమిన్ థామస్?

ఫ్రాన్స్‌కు చెందిన ప్రొఫెషనల్ సైక్లిస్ట్. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో ట్రాక్ సైక్లింగ్‌లో ఆమ్నియం అనే పోటీలో స్వర్ణం గెలిచాడు. దానికి మూడు నెలల ముందు, ఇటలీలో మూడు వారాల పాటు జరిగే జిరో డి ఇటాలియా రోడ్డు రేసులో ఒక స్టేజ్ (ఒక రోజు రేసు) గెలిచాడు. 2017 నుంచి 2022 మధ్య ట్రాక్ మీద ఐదు ప్రపంచ టైటిళ్లు సాధించాడు. రోడ్డు మీద రెండుసార్లు ఫ్రాన్స్ టైమ్ ట్రయల్ (ఒక్కొక్కరే గడియారంతో పోటీ పడే రేసు) ఛాంపియన్.

మన దగ్గర అతని పేరు పెద్దగా వినపడకపోవడానికి ఒక కారణం ఉంది. థామస్ ఒలింపిక్ స్వర్ణం గెలిచిన రోజు 2024 ఆగస్టు 8. ఆ రాత్రి మనమంతా నీరజ్ చోప్రా జావెలిన్ ఫైనల్ కోసం మేలుకుని ఉన్నాం. పొద్దున పేపర్లలో నీరజ్ రజతం, హాకీ జట్టు కాంస్యమే కనిపించాయి. వెలోడ్రోమ్‌లో, అంటే సైక్లింగ్ ట్రాక్ స్టేడియంలో, జరిగింది ఎవరి కంటా పడలేదు. చూడకపోయిన వాళ్లు ఒక మంచి రేసు పోగొట్టుకున్నారనే నేనంటాను.

టూర్ డి ఫ్రాన్స్ గెలిచిన థామస్ ఇతనేనా?

కాదు. 2018లో టూర్ గెలిచింది వేల్స్‌కు చెందిన గెరెయింట్ థామస్. ఇద్దరినీ కలిపేసుకోవడం సహజమే, ఎందుకంటే గెరెయింట్ కూడా ట్రాక్ నుంచే వచ్చాడు. 2008, 2012 ఒలింపిక్స్‌లో బ్రిటన్‌కు టీమ్ పర్స్యూట్ (ట్రాక్ మీద నలుగురు కలిసి తొక్కే రేసు) స్వర్ణాలు తెచ్చిన జట్లలో ఉన్నాడు. అయితే తర్వాత ట్రాక్ వదిలేసి పూర్తిగా రోడ్డుకు వెళ్లిపోయాడు. బెంజమిన్ ట్రాక్ వదల్లేదు. ఈ పేజీలో థామస్ అంటే బెంజమినే.

ఎక్కడివాడు? ఎలా మొదలుపెట్టాడు?

1995 సెప్టెంబర్ 12న లావోర్‌లో పుట్టాడు. నైరుతి ఫ్రాన్స్‌లో, తులూజ్ నగరానికి దగ్గర్లో ఉన్న చిన్న ఊరు అది, టార్న్ జిల్లాలో ఉంటుంది. ఆ ప్రాంతంలో పిల్లలు ఎక్కువగా చూస్తూ పెరిగే ఆట రగ్బీ. థామస్ మాత్రం సైకిల్ పట్టుకున్నాడు. కుర్రాడిగా ఉన్నప్పటి నుంచీ రోడ్డూ, ట్రాకూ రెండూ తొక్కాడు. ఫ్రాన్స్‌లో ఇదేమంత విచిత్రం కాదు. విచిత్రం ఏమిటంటే ముప్ఫై ఏళ్లు వచ్చేదాకా రెండింటినీ పెద్ద స్థాయిలో నిలబెట్టుకోవడం.

ఆర్మీ జట్టులో ఉన్నాడని విన్నాం. నిజంగా సైనికుడా?

2015 నుంచి 2017 వరకు అతని జట్టు పేరు ఆర్మే ద తేర్, అంటే ఫ్రెంచ్ సైన్యం. కంపెనీ స్పాన్సర్‌షిప్ బదులు సైన్యమే జట్టును నడిపింది, రైడర్లకు సైన్యంలో హోదా ఉండేది. 2017 చివర్లో ఆ జట్టు మూతపడింది. అప్పుడు థామస్ గ్రూపామా-ఎఫ్‌డీజే జట్టుకు వెళ్లి 2021 దాకా ఉన్నాడు. 2022లో కోఫిడిస్‌లో చేరాడు. తర్వాత రోడ్డు మీద వచ్చిన పెద్ద ఫలితాలన్నీ ఆ ఎర్ర జెర్సీలోనే.

ట్రాక్ సైక్లింగ్‌కూ రోడ్డు సైక్లింగ్‌కూ అంత తేడా ఉంటుందా?

సైకిలే వేరు. ట్రాక్ సైకిల్‌కు బ్రేకులు ఉండవు. గేరు ఒక్కటే. పైగా అది ఫిక్స్‌డ్ గేర్, అంటే చక్రం తిరుగుతున్నంతసేపూ పెడల్ తిరుగుతూనే ఉంటుంది, కాళ్లు ఆపి సైకిల్‌ను దానంతట దాన్ని పోనివ్వడం కుదరదు. వేగం తగ్గాలంటే కాళ్లతోనే పెడల్‌ను అదమాలి. లేదా వాలు మీద పైకి ఎక్కాలి. ఒలింపిక్ ట్రాక్ చుట్టుకొలత 250 మీటర్లు, చెక్కతో చేస్తారు, మలుపుల దగ్గర వాలు 40 డిగ్రీలు దాటుతుంది. టీవీలో చూస్తే ఆ వాలు సరిగా తెలియదు.

రోడ్డు రేసు అంటే నాలుగైదు గంటలు. కొండలు, గాలి, వాన, చెవిలో రేడియో, వెనకాల జట్టు కారు. ట్రాక్ రేసు కొన్ని నిమిషాల్లో అయిపోతుంది, పెద్దది అయితే గంటలోపు. ఇంత తేడా ఉన్నా రెండింటి మూలసూత్రం ఒకటే, గాలి. ముందువాడి వెనకాల గాలి చాటున దూరితే శ్రమ బాగా తగ్గుతుంది. ఎప్పుడు చాటున ఉండాలి, ఎప్పుడు బయటికి రావాలి అన్నది తెలిసినవాడే రెండు చోట్లా బతుకుతాడు. థామస్ కెరీర్ మొత్తం దీని చుట్టూనే తిరిగింది. అందుకే అతన్ని "ట్రాక్ రైడర్, అప్పుడప్పుడు రోడ్డు కూడా" అని రాసేవాళ్లతో నేను ఏకీభవించను.

ఆమ్నియం అంటే ఏమిటి? నియమాలు అర్థం కావడం లేదు.

ఒకే రోజు నాలుగు రేసులు. నాలుగూ కలిపి ఎవరికి ఎక్కువ పాయింట్లు వస్తే వాళ్లు విజేత. 2016 రియో వరకు ఇది రెండు రోజుల పాటు ఆరు పోటీలుగా ఉండేది, తర్వాత కుదించారు.

మొదటిది స్క్రాచ్. పురుషులకు 10 కిలోమీటర్లు, అంటే 40 ల్యాప్‌లు. ముందుగా గీత దాటినవాడే విజేత, ఇందులో తిరకాసేమీ లేదు. రెండోది టెంపో. ఇదీ 10 కిలోమీటర్లే. మొదటి కొన్ని ల్యాప్‌లు అయ్యాక, ప్రతి ల్యాప్‌లో మొదట గీత దాటినవాడికి ఒక పాయింటు. గుంపును ఒక ల్యాప్ దాటేస్తే 20 పాయింట్లు. మూడోది ఎలిమినేషన్. రెండు ల్యాప్‌లకోసారి అందరికంటే వెనక గీత దాటినవాడు ఔట్. ఇక్కడ లెక్కలోకి వచ్చేది వెనక చక్రం. చివరికి ఇద్దరు మిగులుతారు, వాళ్లు స్ప్రింట్ కొడతారు. టెన్షన్ పరంగా చూస్తే కొత్తగా చూసేవాళ్లకు అన్నిటికంటే నచ్చేది ఇదే.

ఈ మూడింటిలో ఒక్కోదాంట్లో మొదటి స్థానానికి 40 పాయింట్లు, రెండో స్థానానికి 38, మూడో స్థానానికి 36, అలా తగ్గుతూ వస్తాయి. మూడూ గెలిచినవాడికి 120.

అసలు కథ నాలుగో రేసులో ఉంటుంది. దాని పేరు పాయింట్స్ రేస్. 25 కిలోమీటర్లు, 100 ల్యాప్‌లు. పది ల్యాప్‌లకోసారి స్ప్రింట్, మొదటి నలుగురికి 5, 3, 2, 1 పాయింట్లు. ఆఖరి స్ప్రింట్‌కు అవి రెట్టింపు. ఇక్కడా గుంపును ఒక ల్యాప్ దాటితే 20 పాయింట్లు కలుస్తాయి, గుంపు మనల్ని ల్యాప్ దాటేస్తే 20 పోతాయి. ముందు మూడు రేసుల మొత్తం మీదే ఇవన్నీ కలుస్తాయి కాబట్టి ఎవరు ముందున్నారో ఏ క్షణానికి ఆ క్షణం మారిపోతుంది. గుండె నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటున్నా, పక్కవాడికీ తనకూ తేడా ఎంత, ఇంకెన్ని స్ప్రింట్లు మిగిలాయి అని బుర్రలో లెక్క నడుస్తూ ఉండాలి. క్రికెట్‌లో చివరి ఓవర్ల లెక్క లాంటిదే, కాకపోతే ఇక్కడ ఒకేసారి ఇరవై జట్లు ఛేజ్ చేస్తుంటాయి.

పారిస్ ఒలింపిక్స్‌లో ఏం జరిగింది?

రేసు జరిగింది పారిస్ శివార్లలోని సాఁ-కాంతాఁ-ఆఁ-ఇవ్‌లిన్ వెలోడ్రోమ్‌లో. థామస్‌కు ఆ ట్రాక్ కొత్త కాదు. 2022 ప్రపంచ ఛాంపియన్‌షిప్స్ అక్కడే జరిగాయి, అప్పుడు అక్కడే అతనొక టైటిల్ గెలిచాడు. సొంత దేశం, సొంత జనం. ఫ్రాన్స్ ట్రాక్ జట్టుకు ఆ ఒలింపిక్స్‌లో స్వర్ణం ఇంకా రాలేదు. అంత ఒత్తిడి మోస్తూ స్టార్ట్ లైన్ మీద నిలబడటం మాటలు కాదు.

ఆఖరి పాయింట్స్ రేస్‌లో థామస్ పడిపోయాడు. చెక్క ట్రాక్ మీద పడితే ఒళ్లు చీరుకుపోతుంది, అంతకంటే ముఖ్యంగా లయ తప్పుతుంది. నియమాల ప్రకారం పడిన రైడర్‌కు కొన్ని ల్యాప్‌ల వెసులుబాటు ఉంటుంది. ఆలోపు లేచి, సైకిల్ తీసుకుని గుంపులో కలిస్తే ల్యాప్ నష్టం ఉండదు. థామస్ లేచాడు, మళ్లీ ఎక్కాడు, మళ్లీ స్ప్రింట్లకు దిగాడు.

చివరి లెక్క ఇది: థామస్ 164, పోర్చుగల్ రైడర్ యూరీ లైటావ్ 153, బెల్జియం రైడర్ ఫాబియో వాన్ డెన్ బోషె 131. మొదటి ఇద్దరికీ మధ్య తేడా 11. ఒక ల్యాప్ దాటితే 20 వస్తాయి కాబట్టి, ఆ 11 ఏమంత పెద్ద భద్రత కాదు. లైటావ్ గుంపును ఒక్కసారి ఎక్కువగా చుట్టేసి ఉంటే స్వర్ణం చేతులు మారేది. పైగా లైటావ్ మామూలు ప్రత్యర్థి కాదు, 2023లో గ్లాస్గోలో ఆమ్నియం ప్రపంచ ఛాంపియన్. రెండు రోజుల తర్వాత అదే ట్రాక్ మీద రుయీ ఒలివెయిరాతో కలిసి మాడిసన్ అనే జంటల రేసులో ఒలింపిక్ స్వర్ణం కూడా గెలిచాడు.

ట్రాక్ సైక్లింగ్‌లో ఫ్రాన్స్‌కు 2000 సిడ్నీ తర్వాత మళ్లీ ఒలింపిక్ స్వర్ణం వచ్చింది ఆ రాత్రే. సిడ్నీలో ఫ్లోరియాఁ రూసో, ఫెలీసియా బలాంజే లాంటి స్ప్రింటర్లు ఏలారు. ఆ తర్వాత ఇరవై నాలుగేళ్లు స్వర్ణం లేదు. థామస్ గెలుపు ఫ్రాన్స్‌లో అంత సంబరం కావడానికి కారణం అదే.

అంతకుముందు ఒలింపిక్ పతకాలు ఉన్నాయా?

ఒకటి ఉంది. కోవిడ్ వల్ల 2021లో జరిగిన టోక్యో క్రీడల్లో డోనవాన్ గ్రాండాఁతో కలిసి మాడిసన్‌లో కాంస్యం. డెన్మార్క్‌కు స్వర్ణం, బ్రిటన్‌కు రజతం వచ్చాయి. ఆ క్రీడల్లోనే ఆమ్నియంలో కూడా దిగాడు, అందులో పతకం దక్కలేదు. మూడేళ్ల తర్వాత పారిస్‌లో వచ్చిన స్వర్ణానికి ఆ లోటు కూడా తోడైందని నాకనిపిస్తుంది.

మాడిసన్ అంటే?

ఇద్దరు ఇద్దరుగా తొక్కే రేసు. ఒలింపిక్స్‌లో పురుషులకు 50 కిలోమీటర్లు, 200 ల్యాప్‌లు. జంటలో ఏ సమయంలోనైనా ఒక్కరే రేసులో ఉన్నట్టు లెక్క, ఇంకొకరు ట్రాక్ పైభాగాన నెమ్మదిగా తిరుగుతూ ఊపిరి తీసుకుంటారు. మార్పిడి ఎలా అంటే, రేసులో ఉన్నవాడు వేగంగా వచ్చి జోడీ చేయి పట్టుకుని ముందుకు విసురుతాడు. బ్రేకుల్లేని సైకిళ్ల మీద, పదిహేను జంటలకు పైగా ఒకేసారి ఇలా చేతులు కలుపుతూ విడిపోతూ ఉంటే మొదటిసారి చూసినవాళ్లకు ఏదీ అర్థం కాదు. కంగారు పడకండి. ఒక్క జంటను ఎంచుకుని కాసేపు వాళ్లనే చూస్తే దారి దొరుకుతుంది.

ప్రపంచ టైటిళ్లు ఏ ఏ సంవత్సరాల్లో?

2017లో హాంకాంగ్‌లో రెండు: ఆమ్నియం, మోర్గాన్ నైస్కీతో మాడిసన్. అప్పటికి థామస్ వయసు 21. 2020లో బెర్లిన్‌లో మళ్లీ ఆమ్నియం. 2021లో రూబేలో పాయింట్స్ రేస్. 2022లో సాఁ-కాంతాఁలో గ్రాండాఁతో మాడిసన్. ఐదింటిలో రెండు ఫ్రాన్స్ గడ్డ మీదే వచ్చాయి, తర్వాత ఒలింపిక్ స్వర్ణం కూడా అక్కడే. ఇంటి జనం ముందు తొక్కడం కొందరికి భారం. ఇతనికి మాత్రం అదే బలమైంది.

రోడ్డు మీద అతిపెద్ద గెలుపు ఏది?

2024 మే 8, జిరో డి ఇటాలియా ఐదో స్టేజ్, జెనోవా నుంచి లుక్కా వరకు 178 కిలోమీటర్లు. అది స్ప్రింటర్ల రోజని అందరూ అనుకున్నారు. అలాంటి రోజు నలుగురు ముందుకు వెళ్లిపోతే పెలోటాన్, అంటే ప్రధాన గుంపు, పెద్దగా పట్టించుకోదు. ఎప్పుడైనా పట్టేయవచ్చని ధీమా. ఆ రోజు ముందున్న నలుగురు థామస్, డెన్మార్క్ రైడర్ మైకెల్ వాల్‌గ్రెన్, ఇటలీ రైడర్ ఆండ్రెయా పియెత్రోబోన్, ఫ్రాన్స్‌కే చెందిన ఎంజో పలెనీ.

లెక్క తప్పింది గుంపుదే. చివరి కిలోమీటర్లలో దూరం తగ్గుతున్నా, నలుగురూ తమ వంతు ముందుండి లాగడం మానలేదు. ఇక్కడే చాలా బ్రేక్‌అవేలు, అంటే ఇలా ముందుకు వెళ్లిపోయిన చిన్న గుంపులు, చెడతాయి. ఎవరికి వారు పక్కవాడే లాగాలని చూస్తారు, ఆ కాస్త సందులో గుంపు వచ్చి మింగేస్తుంది. ఆఖర్లో పియెత్రోబోన్ ఒక్కసారిగా దూసుకుపోయాడు. థామస్ తొందరపడలేదు. గీత దగ్గరయ్యేదాకా ఆగి, అప్పుడు స్ప్రింట్ మొదలుపెట్టి అతన్ని దాటేశాడు. రెండో స్థానం వాల్‌గ్రెన్‌ది, మూడోది పియెత్రోబోన్‌ది. గుంపు కొద్ది సెకన్ల వెనక వచ్చింది.

ఆ చివరి నిమిషాన్ని మళ్లీ చూడండి. పాయింట్స్ రేస్‌లో పది ల్యాప్‌లకోసారి చేసే పనే అది: వెనకాల వచ్చేవాళ్లు ఎంత దూరంలో ఉన్నారు, పక్కవాడి కాళ్లలో ఎంత మిగిలింది, నేను బయటికి రావాల్సింది ఎక్కడ? ఆ లెక్క వందల సార్లు వేసిన బుర్రకు లుక్కా రోడ్డు మీద అది ఇంకోసారి, అంతే. మూడు వారాల రేసుల్లో అతని మొదటి స్టేజ్ గెలుపు ఇది.

కార్కసోన్‌లో చేజారిన గెలుపు సంగతి ఏమిటి?

2022 టూర్ డి ఫ్రాన్స్, జులై 17, రోడేజ్ నుంచి కార్కసోన్ స్టేజ్. ఎండ మండిపోతోంది, 40 డిగ్రీలకు దగ్గర. థామస్ పుట్టిన ఊరికి ఆ దారి దూరమేమీ కాదు. అలెక్సీ గుజార్‌తో కలిసి గుంపు నుంచి బయటపడ్డాడు, తర్వాత అతన్నీ వదిలి ఒంటరిగా ముందుకు సాగాడు. ఆఖరి కిలోమీటర్లో, గీతకు కొన్ని వందల మీటర్ల దూరంలో గుంపు పట్టేసింది. స్టేజ్ జాస్పర్ ఫిలిప్సెన్ గెలిచాడు.

టూర్‌లో స్టేజ్ గెలవడం ఏ ఫ్రెంచ్ రైడర్‌కైనా జీవితాన్ని మార్చే విషయం. అదీ సొంత ప్రాంతంలో. లుక్కా గెలుపు చూస్తున్నప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది కార్కసోనే. ఆ రోజు చివర్లో గాలికి ఎదురుగా ఒక్కడే ఉన్నాడు, లుక్కాలో చివరిదాకా తోడు ఉంది. ఫలితం తేడాకు నాకు కనిపించే పెద్ద కారణం అదే.

ఇంకా రోడ్డు విజయాలు?

2022లో, కోఫిడిస్‌లో చేరిన మొదటి సీజన్‌లోనే, ఎత్వాల్ ద బెసేజ్, బూక్ల్ ద ల మయెన్ అనే రెండు స్టేజ్ రేసులను మొత్తంగా గెలిచాడు. రెండూ ఫ్రాన్స్‌లో కొన్ని రోజుల పాటు జరిగేవి. 2019, 2021లో జాతీయ టైమ్ ట్రయల్ టైటిళ్లు. టైమ్ ట్రయల్‌లో గాలి చాటు ఉండదు, ఒక్కడే గడియారంతో పోటీ పడాలి. ట్రాక్ మీద ఎండ్యూరెన్స్ రైడర్లకు ఈ పని బాగా వస్తుంది: గాలిని చీల్చేలా వంగి కూర్చోవడం, కదలకుండా ఒకే శక్తితో తొక్కడం.

మరి టూర్ డి ఫ్రాన్స్ మొత్తం గెలిచే ప్రయత్నం ఎందుకు చేయలేదు?

అది వేరే రకం రైడర్ల పని. టూర్ తేలేది ఆల్ప్స్, పిరనీస్ పర్వతాల మీద, గంటకు పైగా సాగే ఎక్కుడు దారుల్లో. అక్కడ బరువు తక్కువ ఉన్నవాడిదే రాజ్యం. స్ప్రింట్, వేగం కోసం పెంచుకున్న కండ అక్కడ అదనపు బరువే. కోఫిడిస్ లాంటి జట్టులో థామస్ పని సహచరులకు గాలి కాయడం, అవకాశం ఉన్న రోజు బ్రేక్‌అవేలోకి వెళ్లడం. టూర్ ర్యాంకు చూసి ఇతని స్థాయి కొలవడం అన్యాయం.

రెండింటికీ ఒకే ఏడాదిలో ఎలా సిద్ధమవుతారు?

రోడ్డు సీజన్ జనవరిలో మొదలై అక్టోబర్ దాకా నడుస్తుంది. ట్రాక్ ప్రపంచ ఛాంపియన్‌షిప్స్ ఒకప్పుడు చలికాలం చివర్లో ఉండేవి, బెర్లిన్ పోటీలు ఫిబ్రవరి, మార్చి మధ్యే జరిగాయి. 2021 నుంచి ఎక్కువగా అక్టోబర్‌కు మారాయి. జీతం ఇచ్చేది రోడ్డు జట్టు, ట్రాక్‌కు పిలిచేది జాతీయ జట్టు. కాబట్టి ఇద్దరి క్యాలెండర్లూ కుదరాలి, జట్టు యాజమాన్యం ఒప్పుకోవాలి. ఒలింపిక్ ఏడాదిలో జిరో తొక్కడం వల్ల శరీరానికి దమ్ము పెరుగుతుంది, ఆ తర్వాత వేసవిలో ట్రాక్ మీద వేగం మీద పనిచేయొచ్చు. 2024లో థామస్ విషయంలో మే, ఆగస్టు రెండూ ఫలించాయి.

ఇలా రెండూ చేసినవాళ్లు ఇంకెవరైనా ఉన్నారా?

ఉన్నారు. రియోలో ఆమ్నియం గెలిచిన ఇటలీ స్ప్రింటర్ ఎలియా వివియానీ, టోక్యో మాడిసన్ విజేత మైకెల్ మోర్కోవ్, టైమ్ ట్రయల్ దిగ్గజం ఫిలిప్పో గన్నా. ఫ్రాన్స్‌లోనే బ్రయాఁ కొకార్ ఉన్నాడు, 2012 లండన్‌లో ఆమ్నియం రజతం అతనిది. తర్వాత కోఫిడిస్‌లో థామస్‌కు సహచరుడయ్యాడు.

2025 టూర్‌లో చుక్కల జెర్సీ వేసుకున్నది ఇతనేనా?

అవును. కొండల మీద ఎక్కువ పాయింట్లు తెచ్చుకున్నవాడికి టూర్‌లో ఇచ్చే జెర్సీ ఇది. జులై 5న లీల్‌లో మొదలైన మొదటి స్టేజ్ అది. మోఁ కసెల్ అనే చిన్న కొండ మీద రాళ్లు పరిచిన దారి ఉంటుంది. పైన ఒక్క పర్వత పాయింటు కోసం థామస్, మతేయో వెర్షేర్ స్ప్రింట్ చేశారు. గీత దగ్గర రాళ్ల మీద థామస్ సైకిల్ జారింది, ఇద్దరూ పడిపోయారు. లేచి రేసు కొనసాగించారు. ఆ సాయంత్రం తెల్లటి జెర్సీ మీద ఎర్ర చుక్కలతో పోడియం ఎక్కింది థామసే. ఒక పాయింటు కోసం అంత ఎందుకని కొందరు అడిగారు. పాయింట్లు ఏరుకోవడమే కెరీర్‌గా చేసుకున్న రైడర్ గీతను చూసి వదిలేస్తాడని నేనైతే అనుకోను.

కొత్తగా చూడాలంటే ఏ రేసుతో మొదలుపెట్టాలి?

లుక్కా స్టేజ్ చివరి ఐదు కిలోమీటర్లతో. నియమాలేవీ తెలియకపోయినా అర్థమవుతుంది. ఆ తర్వాత పారిస్ పాయింట్స్ రేస్ మొత్తం చూడండి, పక్కన కాగితం పెట్టుకుని థామస్, లైటావ్ పాయింట్లు మాత్రం రాసుకుంటూ. మిగతావాళ్లను మొదటిసారికి వదిలేయండి. మాడిసన్ మూడోది. దాన్ని ముందే చూస్తే చాలామంది సగంలో ఆపేస్తారు.